ఊరకే పంచిన రాక్ ఆల్బమ్‌ను తర్వాత డబ్బిచ్చి ఎవరు కొంటారు?

ప్రశ్న సారాంశం ఇది: ఒక రాక్ బృందం కొత్త ఆల్బమ్‌ను ముందు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇచ్చేసి, కొన్ని నెలల తర్వాత సీడీగా దుకాణాల్లో పెడితే అది అమ్ముడవుతుందా? రేడియోహెడ్ ‘ఇన్ రెయిన్‌బోస్’ను చూపించి అవుతుందని ఒక మిత్రుడు, నైన్ ఇంచ్ నెయిల్స్ ‘ది స్లిప్’ను చూపించి కాదని ఇంకో మిత్రుడు పందెం కాశారు. ఎవరు గెలిచినట్టు?

ఎవరూ గెలవలేదు, పందెం డబ్బు ఎవరి జేబులో వాళ్లు ఉంచుకోవచ్చు. ఆ రెండు ఉదాహరణలూ సరైనవే. ఏడు నెలల తేడాలో, దాదాపు ఒకే రకం అభిమానుల కోసం వచ్చిన ఆ రెండు ఆల్బమ్‌లకు రెండు రకాల గతి ఎందుకు పట్టిందన్నదే అసలు ప్రశ్న. దానికి నా దగ్గర ఒక జవాబుంది. కొంచెం పొడవైనది, ఓపిక పట్టండి.

ముందు నా సంగతి చెబుతాను. న్యూజెర్సీలో మా బాబాయికి వాటా ఉన్న ఒక చిన్న సీడీల దుకాణంలో 1999 నుంచి, 2011లో అది మూతపడేదాకా, ఆర్డర్ల పని చూశాను. రాక్ అరలన్నీ నా పెత్తనం కిందే ఉండేవి. అప్పట్లో అమెరికాలో కొత్త ఆల్బమ్‌లు మంగళవారం వచ్చేవి. ఫలానా మంగళవారం వచ్చే ఆల్బమ్ ఎన్ని కాపీలు తెప్పించాలి అన్నదే నా జీతానికి తగిన పని. తక్కువ తెప్పిస్తే గిరాకీ పక్క ఊళ్లోని పెద్ద దుకాణానికి పోతుంది. ఎక్కువ తెప్పిస్తే బాబాయి ముఖం మాడుతుంది. ఏళ్ల తరబడి చేసిన పని కాబట్టి మామూలు ఆల్బమ్‌ల విషయంలో లెక్క పెద్దగా తప్పేది కాదు. ముందే ఉచితంగా పంచేసిన ఆల్బమ్‌ల దగ్గర మాత్రం తప్పింది, అదీ రెండుసార్లు, రెండు వైపులకీ.

ఆల్బమ్ ఉచితంగా జనంలోకి వెళ్లి ఆ తర్వాత దుకాణానికి రావడం 2007లో మొదలైన వింత కాదు. అంతకు ముందు బృందాల అనుమతి ఎవరూ అడిగేవారు కాదు, అంతే. రేడియోహెడ్ ‘కిడ్ ఎ’ 2000 అక్టోబరులో విడుదలకు వారాల ముందే, జనం పాటలు ఊరకే పంచుకునే నాప్‌స్టర్‌లో చక్కర్లు కొట్టింది. ఆ ఆల్బమ్ నుంచి విడిగా ఒక్క సింగిల్ కూడా అమ్మలేదు, సంగీతం చూస్తే అప్పటిదాకా వాళ్లను ఇష్టపడ్డవాళ్లనే బెదరగొట్టేలా ఉంది. మునిగిపోతుందని మా దుకాణంలో అందరం అనుకున్నాం. తొలివారంలో అమెరికాలో 2,07,000 కాపీలకు పైగా పోయి, ఆ బృందానికి ఇక్కడ మొదటిసారి ఒకటో స్థానం తెచ్చింది. 2003లో ‘హెయిల్ టు ద థీఫ్’ విడుదలకు పది వారాల ముందే, ఇంకా మిక్సింగ్ కూడా పూర్తికాని ముడి రూపంలో, బయటికి పొక్కింది. అయినా తొలివారం ఇక్కడ 3 లక్షలు అమ్ముడైంది. గడిచిన నాలుగు ఆల్బమ్‌లూ ముందే లీకయ్యాయి కదా, ఈసారి ఆ పని మనమే చేద్దాం అనుకున్నామని రేడియోహెడ్ గాయకుడు థామ్ యార్క్ ఆ తర్వాత చెప్పాడు. దొంగ ఎలాగూ గోడ దూకుతాడు కాబట్టి తలుపు తీసి గడప దగ్గర హుండీ పెట్టినట్టు.

ఆ హుండీ కథ మీకు తెలిసే ఉంటుంది. ఆరు ఆల్బమ్‌లతో రేడియోహెడ్‌కు ఈఎంఐ అనే రికార్డు కంపెనీతో ఉన్న ఒప్పందం తీరిపోయింది, కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. 2007 అక్టోబరు 1న గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్ బృందం బ్లాగులో రెండు ముక్కలు రాశాడు: కొత్త ఆల్బమ్ పూర్తయింది, పది రోజుల్లో వస్తోంది. ధర రాయవలసిన చోట ఖాళీ గడి. పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కితే ‘మీ ఇష్టం’ అని వచ్చేది, మళ్లీ నొక్కితే ‘నిజంగానే, మీ ఇష్టం’ అని. సున్నా రాయవచ్చు, 99 పౌండ్ల 99 పెన్నీల దాకా పోవచ్చు. ఎంతో కొంత కడితే కార్డు ఖర్చు కింద ఇంకో 45 పెన్నీలు. నేను 5 పౌండ్లు కట్టాను. పక్క కుర్చీలో కూర్చున్న మా బాబాయి కొడుకు, సిగ్గు లేకుండా, సున్నా కొట్టాడు. వీడి సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇక్కడ చాలామంది చూసీ చూడనట్టు వదిలేసే సంగతులు కొన్ని ఉన్నాయి. దిగిన ఫైళ్లు సెకనుకు 160 కిలోబిట్ల ఎంపీ3లు. చెవిలో పెట్టుకుని బస్సులో వినడానికి బాగానే ఉంటాయి, ఇంట్లో మంచి స్పీకర్ల మీద పెడితే తాళాల మోత ఇసుక రాసినట్టు వినిపిస్తుంది. అట్ట బొమ్మలు లేవు, పాటల సాహిత్యం లేదు. పైగా ఆ తలుపు రెండు నెలలే తెరిచి ఉంది, డిసెంబరు 10న మూసేశారు. మరోపక్క అదే చోట, అదే రోజు నుంచి, 40 పౌండ్ల పెట్టె ఒకటి అమ్మకానికి పెట్టారు. అందులో రెండు వినైల్ రికార్డులు, సీడీ, అదనపు పాటలున్న రెండో సీడీ, బొమ్మల పుస్తకం. ఆ తర్వాత మామూలు సీడీ: బ్రిటన్‌లో డిసెంబరు 31న ఎక్స్‌ఎల్ రికార్డింగ్స్ నుంచి, అమెరికాలో జనవరి 1న టీబీడీ అనే కంపెనీ నుంచి. జనం పాటలు వింటే సీడీ కొంటారన్న నమ్మకం లేకపోతే ఈ పని చేసేవాళ్లమే కాదని బృందం మేనేజర్లు అక్టోబరులోనే చెప్పేశారు. ఆ మాట విని కొందరు అభిమానులు మమ్మల్ని వాడుకున్నారని అలిగారు కూడా. నాకు ఆ అలుక అర్థం కాలేదు. మామిడిపండ్ల బండి దగ్గర ముక్క కోసి చేతిలో పెట్టేవాడు మన మీద ప్రేమతో పెడుతున్నాడని ఎవరైనా అనుకుంటారా?

జనవరికి నా లెక్క ఎలా సాగిందో చూడండి. ఇంటర్నెట్ ఉన్న ప్రతి రేడియోహెడ్ అభిమాని దగ్గరా ఆల్బమ్ ఉంది. దొంగ కాపీలు పంచుకునే టొరెంట్లలో తిరిగినది వేరే. మొదటి మూడు నాలుగు వారాల్లోనే టొరెంట్ల ద్వారా 23 లక్షల డౌన్‌లోడ్‌లు జరిగాయని ఆ తర్వాత ఒక అధ్యయనం తేల్చింది. సున్నాకే చట్టబద్ధంగా దొరుకుతున్నదాన్ని కూడా అలవాటైన దొంగదారిలోనే తెచ్చుకున్నారన్నమాట. అలవాటు ధరకన్నా మొండిది. పైగా క్రిస్మస్ అయిపోయిన వారం, ఏడాది మొత్తంలో దుకాణాలు బోసిపోయే వారం. ‘హెయిల్ టు ద థీఫ్’కు 80 కాపీలు తెప్పించినవాణ్ణి దీనికి 20 చాలనుకున్నాను. జనవరి 1 సెలవు రోజు, మధ్యాహ్నం తెరిచాం. మర్నాటి సాయంత్రానికి ఒక్కటి లేదు. నా ఎదుటే కొన్న మొదటివాడు ఎవరో చెప్పనా? సున్నా కొట్టిన మా తమ్ముడే. 5 పౌండ్లు కట్టిన నేను కొనలేదు, నా వాటా నేను కట్టేశాను కదా అనిపించింది.

ఆ చిన్న సంగతి నా కళ్లు తెరిపించింది. డౌన్‌లోడ్ దగ్గర సున్నా కొట్టినవాడు కొననివాడని మనం లెక్క వేసుకుంటాం. వాడు ఆ రోజు కొనలేదు, అంతే. కామ్‌స్కోర్ అనే సంస్థ ఆ నవంబరులో ఒక అంచనా ప్రకటించింది: దించుకున్నవాళ్లలో 62 శాతం మంది ఏమీ కట్టలేదు, కట్టిన 38 శాతం మంది సగటున 6 డాలర్లు కట్టారు. బృందం ఆ అంకెలు తప్పని కొట్టిపారేసింది. పత్రికలు మాత్రం ప్రయోగం విఫలమైందని రాసేశాయి. ఆ అంచనానే నిజమనుకున్నా, ఆ 62 శాతంలో ఎందరు జనవరిలో మా లాంటి దుకాణాల గడప తొక్కారో అది చెప్పదు.

ఇక ఫలితం. ఆ వారం ‘ఇన్ రెయిన్‌బోస్’ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ఒకటో స్థానంలోకి వచ్చింది. ఇక్కడ 1,22,000 కాపీలు. కొన్ని దుకాణాలు తొందరపడి గడువుకు ముందే అమ్మేయడం వల్ల అంతకు ముందు వారమే, బిల్‌బోర్డ్ పత్రిక వారం వారం వేసే అమ్మకాల పట్టికలో 156వ స్థానంలో కనిపించి, అక్కడి నుంచి నేరుగా ఒకటికి ఎగిరింది. మీ రెండో మిత్రుడు ఇక్కడ అడ్డు తగలవచ్చు: ‘హెయిల్ టు ద థీఫ్’ తొలివారం 3 లక్షలు కదా, ఇది సగం కూడా లేదే అని. బ్రిటన్‌లో తేడా ఇంకా ఎక్కువ, 1,14,000కు పైగా ఉన్నది 44,602కు దిగింది. నిజమే. అయితే ఆ నాలుగేళ్లలో సీడీల వ్యాపారమే కుంగిపోయింది. అమెరికాలో అన్ని ఆల్బమ్‌ల అమ్మకాలూ కలిపి 2006లో 58.8 కోట్లు, 2007లో 50 కోట్లు, 2008లో 42.8 కోట్లు. ఏటా దాదాపు ఏడో వంతు చొప్పున కరిగిపోతున్న చెరువులో చేప చిక్కిపోయిందని గాలాన్ని తిడితే ఎలా?

అంతకన్నా ముఖ్యమైనది, ఆ కాపీల డబ్బు ఎవరికి చేరింది అన్నది. పెద్ద కంపెనీతో పాత పద్ధతి ఒప్పందంలో ఉన్న బృందానికి సీడీ ధరలో దక్కేది చిన్న వాటా. అది కూడా రికార్డింగ్‌కు, వీడియోలకు ఇచ్చిన బయానాలు తీరాకే. ‘ఇన్ రెయిన్‌బోస్’ రికార్డింగు హక్కులు బృందానివే. ఎక్స్‌ఎల్‌కు అమ్ముకునే అనుమతి మాత్రమే ఇచ్చారు. డౌన్‌లోడ్ డబ్బు మధ్యలో ఏ కంపెనీ గల్లాపెట్టెనూ తాకకుండా వచ్చింది. 2008 అక్టోబరులో వాళ్ల పాటల ప్రచురణ సంస్థ వార్నర్ చాపెల్ కొన్ని అంకెలు బయటపెట్టింది: డౌన్‌లోడ్‌లు, సీడీలు, పెట్టెలు అన్నీ కలిపి 30 లక్షల అమ్మకాలు. అందులో సీడీలే 17.5 లక్షలు. 40 పౌండ్ల పెట్టెలు లక్ష. డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లలో ఎక్కువమంది ఏమీ కట్టలేదని ఆ సంస్థే ఒప్పుకుంది. అయినా సీడీ దుకాణానికి రాకముందే వచ్చిన ఆదాయం ‘హెయిల్ టు ద థీఫ్’ మొత్తం ఆదాయాన్ని దాటిందట. లక్ష పెట్టెలంటే 40 లక్షల పౌండ్లు. తయారీ, తపాలా ఖర్చులు తీసేసినా, ఏ బృందమైనా కళ్లకు అద్దుకునే మొత్తం.

ఇప్పుడు ట్రెంట్ రెజ్నర్ దగ్గరికి వద్దాం. నైన్ ఇంచ్ నెయిల్స్ అంటే ఆయనే. ‘ఇన్ రెయిన్‌బోస్’ వచ్చిన ఆ అక్టోబరులోనే ఆయన కూడా తన కంపెనీ నుంచి బయటపడ్డాడు. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, తన ఆల్బమ్ కంటే ముందు సాల్ విలియమ్స్ అనే కవి, గాయకుడి ఆల్బమ్ మీద ఈ ప్రయోగం చేశాడు. తనే నిర్మించి, 2007 నవంబరు 1న పెట్టాడు: మామూలు నాణ్యత ఉచితం, మంచి నాణ్యత కావాలంటే 5 డాలర్లు. రెండు నెలల తర్వాత అంకెలన్నీ దాపరికం లేకుండా ప్రకటించాడు. 1,54,449 మంది దించుకున్నారు, 28,322 మంది 5 డాలర్లు కట్టారు. నూటికి 18 మంది. తనకు నిరుత్సాహం కలిగిందనే రాశాడు. నా మటుకు ఆ అంకెలు చూస్తే నిరుత్సాహం కలగలేదు. ఆ గాయకుడి అంతకు ముందు ఆల్బమ్ మూడేళ్లలో మొత్తం అమ్ముడైంది 33,897. ఇక్కడ రెండే నెలల్లో దాదాపు అంతమంది కొన్నారు, విన్నవాళ్లు నాలుగున్నర రెట్లు పెరిగారు. ఉచితంగా ఇవ్వడం వల్ల పోయినదేమిటో నాకు కనిపించలేదు. సగం గ్లాసు తగాదా ఇది, వదిలేద్దాం.

2008 మార్చిలో నైన్ ఇంచ్ నెయిల్స్ ‘గోస్ట్స్’ వచ్చింది. మాటల్లేని 36 సంగీత ఖండాలు. మొదటి తొమ్మిది ఉచితం, అన్నీ కావాలంటే 5 డాలర్లు, సీడీలైతే 10, పెద్ద పెట్టె 75. ఆపైన 2,500 మందికి మాత్రమే ఆయన సంతకంతో 300 డాలర్ల పెట్టె. ఆ సంతకం పెట్టెలు మూడు రోజులు తిరగకుండానే అయిపోయాయి. గుణించి చూడండి, 7,50,000 డాలర్లు. మొదటి వారం మొత్తం రాబడి 16 లక్షల డాలర్లకు పైనే. పాట కూడా లేని ఆల్బమ్‌కు! క్రియేటివ్ కామన్స్ అనుమతి కింద పెట్టారు కాబట్టి స్నేహితులకు పంచుకోవడం తప్పు కూడా కాదు. అయినా ఆ ఏడాది అమెజాన్ ఎంపీ3 దుకాణంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ అదే.

అదే రోజుల్లో ఆయన రేడియోహెడ్ మీద ఒక విమర్శ చేశాడు. నాసిరకం ఎంపీ3లు ఎర వేసి అసలు సరుకు తర్వాత అమ్మడం చిత్తశుద్ధి లేని పని అని. ఈ కథ మొత్తానికీ ఇరుసు అదే. ఎందుకంటే ఆ మాటను ఆయన తన మీదే అమలు చేసుకున్నాడు. మే 5న ‘ది స్లిప్’ పెట్టాడు, ఇది నా ఖర్చు అంటూ. ఎర లేదు, దాపరికం లేదు. ఎంపీ3 కావాలా, నాణ్యత ఏమీ తగ్గని ఎఫ్‌ఎల్‌ఏసీ ఫైళ్లు కావాలా, సీడీ కన్నా పై నాణ్యతలో 24 బిట్ల ఫైళ్లు కావాలా, ఏదైనా తీసుకోండి. ప్రతి పాటకూ ఒక బొమ్మ, పాటల సాహిత్యం ఉన్న పీడీఎఫ్ కూడా. గడువు లేదు. ఈమెయిల్ చిరునామా ఇస్తే చాలు.

జులై 22న సీడీ వచ్చింది: ఒకటి నుంచి 2,50,000 దాకా వరుస సంఖ్య వేసిన పరిమిత ముద్రణ. బృందం రిహార్సల్ దృశ్యాలున్న డీవీడీ, 24 పుటల పుస్తకం, కొన్ని స్టిక్కర్లు జతగా. ‘ఇన్ రెయిన్‌బోస్’ నేర్పిన పాఠం నాకు తాజాగా ఉంది. సంఖ్య వేసిన ముద్రణ అంటే అభిమానులు తన్నుకుంటారని 60 తెప్పించాను. పరిమిత ముద్రణలకు మా టోకు వర్తకుడి దగ్గర వాపసు లేదు, ఆ షరతు తెలిసి కూడా. ఆ వారం పోయినవి 19. నెలాఖరుకు ఇంకో ఆరు. బాబాయి ఏమీ అనలేదు, నా కుర్చీ వెనకున్న అరలోనే ఆ మిగిలినవాటిని వరసగా పేర్పించాడు, రోజూ నాకు కనబడేలా. బిల్‌బోర్డ్‌లో ‘ది స్లిప్’ 13వ స్థానంలో ఆగింది. ఆ బృందం ‘గోస్ట్స్’కు ముందు తెచ్చిన ఆల్బమ్ 2007లో 1,87,000 కాపీలతో రెండో స్థానం, దానికి ముందుది 2005లో 2,72,000తో ఒకటో స్థానం తెచ్చుకున్నాయి.

పాటలు బాగా లేక కాదు. ‘ది స్లిప్’ నాకు ‘గోస్ట్స్’ కన్నా ఇష్టం. మామిడిపండ్ల లెక్కలో చెప్పాలంటే, రేడియోహెడ్ ముక్క కోసి చేతిలో పెట్టింది. రెజ్నర్ బుట్టెడు పండ్లు ఇంటికి పంపించేసి, రెండు నెలల తర్వాత ఖాళీ బుట్ట అమ్మకానికి పెట్టాడు. మంచి అల్లిక బుట్టే, కాని బుట్టలు దాచుకునేవాళ్లే కొన్నారు. ఆ తేడా విడుదల రోజునే బయటికి కనిపిస్తుంది. ఉచితంగా ఇచ్చినది తీసుకున్నాక అభిమానికి ఇంకా ఏమి కొరతగా ఉంది? నాణ్యతా, వస్తువా, సమయమా? ఏ కొరతా లేకపోతే సీడీ జ్ఞాపిక అవుతుంది. జ్ఞాపికలు కొనేవాళ్లు ప్రతి బృందానికీ ఉంటారు, కాని వాళ్ల సంఖ్య ఆల్బమ్ కొనేవాళ్ల సంఖ్య కాదు. నా 60 కాపీల తప్పు అక్కడే ఉంది.

రెజ్నర్ నష్టపోయాడని మాత్రం అనుకోకండి. ‘ది స్లిప్’ సీడీతో పాటే ఉత్తర అమెరికా అంతటా కచేరీలు మొదలయ్యాయి. ఇచ్చిన ఈమెయిల్ చిరునామాలన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి, ఏ ఊళ్లో ఎప్పుడు టిక్కెట్లు తెరుస్తున్నారో చెప్పడానికి మధ్యవర్తి అక్కర్లేదు. మన తెలుగు సినిమాలకు ఇది కొత్త సంగతేమీ కాదు. సినిమాకు ముందే పాటలన్నీ యూట్యూబ్‌లో ఊరకే పెడతారు, ఎందుకంటే అమ్మే సరుకు పాట కాదు, థియేటర్ టిక్కెట్టు. అయితే మీ మిత్రుల పందెం ఆల్బమ్ అమ్మకాల మీద కాబట్టి కచేరీ డబ్బును ఇందులోకి లాగడం న్యాయం కాదు.

మొదటి మిత్రుడికి రేడియోహెడ్ కన్నా గట్టి సాక్ష్యం ఒకటి ఇస్తాను. షికాగో బృందం విల్కో 2001లో ‘యాంకీ హోటల్ ఫాక్స్‌ట్రాట్’ ఆల్బమ్ పూర్తి చేసి ఇస్తే, వాళ్ల కంపెనీ రిప్రీజ్ ఇది అమ్ముడుకాదని వద్దంది. బృందం టేపులు తీసుకుని బయటికి వచ్చి, సెప్టెంబరు 18న ఆల్బమ్ మొత్తం తమ వెబ్‌సైట్‌లో వినడానికి పెట్టేసింది. ఆ ఏడాది చివర్లో కచేరీలకు వెళితే, సీడీ రూపంలో ఇంకా పుట్టని పాటలను జనం వాళ్లతో కలిసి పాడారు. నాన్‌సచ్ అనే కంపెనీ 2002 ఏప్రిల్ 23న సీడీ తెచ్చింది. తొలివారం 55,573 కాపీలు, బిల్‌బోర్డ్‌లో 13వ స్థానం. అదే బృందం 1999 నాటి ఆల్బమ్ 78వ స్థానం దాటలేదు. తమాషా ఏమిటంటే రిప్రీజ్, నాన్‌సచ్ రెండూ ఒకే పెద్ద సంస్థ గొడుగు కింద ఉన్నవే. వద్దన్న ఆల్బమ్‌ను ఆ సంస్థే మళ్లీ కొనుక్కుంది. ‘ది స్లిప్’కూ దీనికీ చార్టులో స్థానం ఒకటే, 13. ఒకరికి అది పడిపోవడం, ఇంకొకరికి ఎగబాకడం. అందుకే స్థానాన్ని ఒంటరిగా చూడకండి, ఆ బృందం నిన్నటి స్థానం పక్కన పెట్టి చూడండి. ఇంకా చాలామంది చెవిన పడని బృందానికి ఉచితం పనికొచ్చినంతగా, అందరికీ తెలిసిన బృందానికి పనికిరాదు.

ఆ మాటకు పరాకాష్ఠ ఐర్లండ్ రాక్ బృందం యూటూ. 2014 సెప్టెంబరు 9న ‘సాంగ్స్ ఆఫ్ ఇన్నొసెన్స్’ను ఆపిల్ దాదాపు 50 కోట్ల ఐట్యూన్స్ ఖాతాల్లోకి అడగకుండానే తోసేసింది. వద్దన్నవాళ్ల కోసం దాన్ని తొలగించే పేజీ ఒకటి విడిగా పెట్టవలసి వచ్చింది. ఆ బృందం గాయకుడు బోనో క్షమాపణ చెప్పాడు. నెల రోజుల్లో 8.1 కోట్ల మంది కొంతైనా విన్నారని, 2.6 కోట్ల మంది మొత్తం దించుకున్నారని ఆపిల్ చెప్పుకుంది. అక్టోబరులో సీడీ వస్తే అమెరికాలో తొలివారం 28,000 కాపీలు. వాళ్లదే 2009 ఆల్బమ్ తొలివారం 4,84,000. అప్పటికి మా దుకాణం లేదు కాబట్టి బాబాయి ఆయుష్షు పెరిగింది. ఇక్కడ కూడా ఆపిల్ ముందే డబ్బు కట్టింది, మరుసటి ఏడాది 76 కచేరీలు 15.2 కోట్ల డాలర్లు తెచ్చాయి, కాబట్టి బృందం ఆకలితో పడుకోలేదు. అయితే రేడియోహెడ్ అభిమాని ఒక గడిలో ఒక అంకె టైపు చేశాడు, సున్నా అయినా సరే. విల్కో అభిమాని వెతుక్కుంటూ వెళ్లి విన్నాడు. యూటూ ఆల్బమ్ అందుకున్నవాడు ఏమీ చేయలేదు. పిలవకుండా వచ్చి కూర్చున్న చుట్టాన్ని మళ్లీ డబ్బిచ్చి ఎవరు పిలుస్తారు?

పందేలు కాసేవాళ్లకు ఒక హెచ్చరిక: అంకెలు లెక్కించే నియమాలు కూడా మారుతుంటాయి. 2004లో పాప్ గాయకుడు ప్రిన్స్ తన ‘మ్యూజికాలజీ’ సీడీని కచేరీ టిక్కెట్టుతో పాటు ఇచ్చాడు, అవన్నీ అమ్మకాలుగానే లెక్కకు వచ్చాయి. మిగతా కంపెనీలు గొడవ చేశాక బిల్‌బోర్డ్ నియమం మార్చింది. 2011 చివర్లో ఇంకో నియమం వచ్చింది, మొదటి నాలుగు వారాల్లో 3.49 డాలర్ల కన్నా తక్కువకు అమ్మితే లెక్కలోకి రాదని. ‘ఇన్ రెయిన్‌బోస్’ డౌన్‌లోడ్‌లు చార్టులో ఎక్కడా కనిపించవు. బిల్‌బోర్డ్ దృష్టిలో ఆ ఆల్బమ్ 2008 జనవరిలో పుట్టింది.

ఇప్పుడు వస్తున్న ఆల్బమ్‌లకు ఇది వర్తిస్తుందా అని మీరు అడగలేదు గాని అడుగుతారు. స్ట్రీమింగ్ వచ్చాక దాదాపు ప్రతి ఆల్బమ్ ముందు ఊరకే వినిపించి ఆ తర్వాత అమ్ముకోవలసినదే. అమ్ముడయ్యేది వినైల్. దానికి కూడా దారి వేసినవాటిలో ‘ఇన్ రెయిన్‌బోస్’ ఒకటి. 2008లో అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన వినైల్ ఆల్బమ్ అదే, 25,800 కాపీలు. ఎంపీ3గా సున్నాకు దొరికిన ఆల్బమ్‌ను ఇరవై డాలర్ల నల్ల పళ్లెంగా కొన్నారు. మరి ఇంత కలిసొచ్చిన పద్ధతిని రేడియోహెడ్ మళ్లీ వాడిందా అంటే, లేదు. 2011 ఆల్బమ్‌కు డౌన్‌లోడ్ ధర కచ్చితంగా వేసింది. రెజ్నర్ 2013లో ఒక పెద్ద కంపెనీకే తిరిగి వెళ్లాడు. ‘హెసిటేషన్ మార్క్స్’ తొలివారం లక్షకు పైగా అమ్ముడై మూడో స్థానంలోకి వచ్చింది. ‘ఇష్టం వచ్చినంత కట్టండి’ అనే మాటకు మొదటిసారి వచ్చినంత గిరాకీ రెండోసారి రాదని ఇద్దరికీ తెలుసు.

2011లో దుకాణం ఖాళీ చేస్తున్నప్పుడు ‘ది స్లిప్’ కాపీలు ఇంకా పదకొండు మిగిలాయి. పదింటిని గంపగుత్త బేరంలో కలిపేసి, ఒకటి నేను ఉంచుకున్నాను. దాని మీది ప్లాస్టిక్ కాగితం ఇంకా చింపలేదు, ఆ డీవీడీ కూడా చూడలేదు. ఆల్బమ్ వినాలనిపిస్తే 2008 మేలో దించుకున్న ఆ 24 బిట్ల ఫైళ్లే పెట్టుకుంటాను.